అంబాసిడర్ మార్క్ 4: మూడుసార్లు గాలి తీసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది

కడప_మార్క్4:

నమస్తే. బండి 1984 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే (చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి భాగం, లోపలి నుంచి షూలు దాన్ని ఒత్తి ఆపుతాయి). బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది) లేదు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ సింగిల్ లైన్ రకం, నాలుగు చక్రాలకూ ఒకటే లైను.

నెల కిందట చేయించిన పని ఇది. ముందు డ్రమ్ములు రెండూ గాట్లు పడింటే లేత్‌లో పట్టించినాము. నాలుగు చక్రాలకూ కొత్త లైనింగ్ (షూల మీద డ్రమ్మును రుద్దే పొర) కొట్టించినాము. ముందు వీల్ సిలిండర్లు నాలుగూ కొత్తవి. వెనక సిలిండర్లు పాతవే, బకెట్లు (ఆయిల్ కారకుండా పిస్టన్‌కు ఉండే రబ్బరు సీళ్లు) మాత్రం మార్చినాము. మాస్టర్ ముట్టుకోలేదు. రబ్బరు హోస్ పైపులు ఎన్నేళ్ల నాటివో తెలియదు.

ఇప్పుడు మొదటిసారి తొక్కితే పెడల్ ముక్కాలు భాగం లోపలికి పోతాంది. వెంటనే రెండోసారి తొక్కితే సగంలో ఆగుతుంది, మూడోసారికి ఇంకాస్త పైనే. పైకి వచ్చినాక కూడా గట్టిదనం లేదు, గాలి తగ్గిన ఫుట్‌బాల్ మీద కాలు పెట్టినట్టుంది. మాస్టర్‌కు ఆయిల్ ఇచ్చే డబ్బాలో ఆయిల్ తగ్గలేదు. చక్రాల లోపలివైపు తడి లేదు. మూడుసార్లు బ్రేక్ లైన్లో గాలి తీసినాము, లీటరున్నర డాట్ 3 బ్రేక్ ఆయిల్ అయిపోయింది, ట్యూబులో బుడగ కనపడ్డం లేదు.

మాస్టర్ సిలిండర్ పోయింది, కొత్తది వేయాల్సిందే అంటున్నాడు మెకానిక్. రాయచోటి పక్కకు గువ్వలచెరువు ఘాట్ దిగాల్సిన బండి, అందుకే ఊరికే పార్టులు మార్చుకుంటా పోకుండా అడుగుతున్నా.


అనంత_డ్రమ్ము:

మాస్టర్ కొనకముందు ఒక గంట పరీక్షకు పెట్టన్నా. "మెత్తగా ఉంది" అనే ఒక్క మాటలో మూడు వేరువేరు జబ్బులు దాక్కోని ఉంటాయి.

పంపింగ్ చేస్తే పెడల్ పైకి లేస్తుందంటే షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువ. మొదటి తొక్కుడులో పోయిన ఆయిలంతా ఆ ఖాళీ పూడ్చడానికే సరిపోతుంది. షూలు పూర్తిగా వెనక్కి రాకముందే మళ్ళీ తొక్కుతావు కాబట్టి రెండోసారి పెడల్ పైన ఆగుతుంది. పైకి వచ్చినాక కూడా స్ప్రింగులా ఆడుతుందంటే లోపల ఏదో నలుగుతాంది, ఉబ్బుతాంది లేదా వంగుతాంది. అంటే గాలి, హోస్ పైపు, షూ, ఈ మూడింట్లో ఒకటి. కాలు అదిమి పెట్టి ఉంచితే మెల్లగా కిందికి జారుతుందంటే అప్పుడు మాస్టర్ లోపలి బకెట్ ఆయిల్‌ను వెనక్కి వదులుతాంది, లేదా బయట ఎక్కడో కారుతాంది. నువ్వు రాసినదాంట్లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. మాస్టర్‌ను తప్పు పట్టడానికి ఇంతవరకు సాక్ష్యమే లేదు.

ఖాళీ ఎంత పని చేస్తుందో ఒక లెక్క. ముందు నాలుగు, వెనక రెండు, మొత్తం ఆరు సిలిండర్లు. లెక్క సులువు కోసం అన్ని బోర్లూ (సిలిండర్ లోపలి రంధ్రాలు) మాస్టర్ బోరంతే అనుకుందాం. ఒక్కో పిస్టన్ అర మిల్లీమీటరు ఎక్కువ నడవాల్సి వస్తే మాస్టర్ పిస్టన్ 3 మి.మీ. ఎక్కువ నడవాలి. పెడల్ లీవరు ఒకటికి అయిదు అనుకుంటే కాలి కింద అది 15 మి.మీ. అర మిల్లీమీటరంటే పోస్టు కార్డులు రెండు పేర్చినంత!

ఇప్పుడు పరీక్ష. బండి నాలుగు చక్రాలూ స్టాండ్ల మీద లేపు, జాకీ మీద నమ్మకం పెట్టి కిందికి దూరొద్దు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదులు. ప్రతి అడ్జస్టరునూ (షూను డ్రమ్ముకు దగ్గరగా జరిపే మర) చక్రం చేత్తో తిరగనంత బిర్రుగా బిగించు. ముందు చక్రానికి రెండు షూలు, రెండు అడ్జస్టర్లు. ఒకటి బిగించి రెండోది మరిచిపోవడం శానా మామూలు, అక్కడే సగం పెడల్ పోతుంది. అన్నీ బిగిసినాక పెడల్ తొక్కు. పైనే, రాయిలాగ ఆగిందంటే లైన్లో గాలి లేదు, హోస్ పైపులు బాగున్నాయి, తేడా డ్రమ్ము లోపలే. అప్పటికీ ఫుట్‌బాల్ లాగే ఉంటే గాలో హోస్ పైపో. ఆ తర్వాత కాలు తీయకుండా ఒక నిమిషం అదిమి పట్టుకో, మాస్టర్ సంగతి తేలిపోతుంది.

ఇంకొక చిన్న ఉపాయం. మామూలు అడ్జస్ట్‌మెంట్‌లో హ్యాండ్ బ్రేక్ లాగి పెడల్ తొక్కి చూడు. లాగినప్పుడు పెడల్ బాగా పైకి వస్తే వెనక షూలు వదులుగా ఉన్నట్టు.


కర్నూలు_స్పానర్:

పై పరీక్ష సరైనదే. ఒకవేళ గాలి అని తేలితే ఈ బండిలో అది యాడ దాక్కుంటుందో చెప్తా.

ముందు చక్రంలో రెండు సిలిండర్లు, వాటిని కలిపే చిన్న పైపు ఒకటి, నిప్పల్ (గాలి తీయడానికి వదులు చేసే చిన్న ముక్కు) మాత్రం ఒక సిలిండర్‌కే. కొత్త సిలిండర్లు వేసేటప్పుడు నిప్పల్ ఉన్నది కిందికి, లేనిది పైకి పోతే పైదాంట్లో గాలి అట్లే నిలబడుతుంది. ఎన్ని లీటర్లు తోసినా ఆయిల్ కింది నుంచి కిందికే పోతుంది, ట్యూబులో బుడగ రాదు. నీకు బుడగ కనపడ్డం లేదన్నది అందుకే పూర్తి నమ్మకం కాదు. నిప్పల్ పైన ఉందా చూడు. లేకుంటే సిలిండర్లు తారుమారు చేయాలి. అంతవరకు పై సిలిండర్ దగ్గర ఆ చిన్న పైపు నట్టు అర చుట్టు వదులు చేసి, ఒకరు మెల్లగా తొక్కుతుంటే గాలి బుసబుసమని బయటికి వచ్చి ఆయిల్ కారేదాకా ఉంచి, కాలు ఎత్తకముందే బిగించొచ్చు.

బ్రేక్ లైట్ స్విచ్ పైపు లైన్లోనే బిగించిన రకమైతే ఆ మూలలో కూడా రవ్వంత గాలి ఆగుతుంది.

గాలి తీసే పద్ధతి మీద కూడా ఒక మాట. డ్రైవర్ కుడి పక్క కాబట్టి మాస్టర్‌కు దూరమైన చక్రం వెనక ఎడమ. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. నిప్పల్‌కు పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో చివర ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. మెల్లగా తొక్కాలి, నిప్పల్ మూయాలి, ఆ తర్వాతే కాలు ఎత్తాలి. రెండు తొక్కుళ్ల మధ్య మూడు నాలుగు సెకన్లు ఆగాలి, లేకుంటే మాస్టర్ నిండదు. దబదబా పంపు కొడితే ఆయిల్ నురుగై గాలి సన్నసన్న బుడగలుగా చీలిపోతుంది, అది బయటికి రావడానికి గంటలు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పాత మాస్టర్ ఉన్న బండికి పెడల్ నేలకు తగిలేదాకా తొక్కి గాలి తీయకూడదు. రోజువారీ వాడకంలో పిస్టన్ బోరులో కొంత దూరమే నడుస్తుంది. దాని అవతల బోరులో ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి పేరుకోని ఉంటుంది. బకెట్ అంచు ఒక్కసారి ఆ గరుకు మీదికి పోయిందంటే చీరుకుంటుంది. పెడల్ కింద రెండంగుళాల చెక్క పెట్టి తొక్కండి.

హోస్ పైపుల కోసం ఇంకొక పరీక్ష ఉంది. మూడు హోస్‌లు, ముందు రెండు, వెనక ఆక్సిల్ దగ్గర ఒకటి. రెండు నున్నటి కడ్డీల మధ్య ఒక్కోదాన్నీ నొక్కి మూసేయాలి. పళ్ళున్న ప్లయర్‌తో మాత్రం కాదు, లోపలి పొర చిట్లుతుంది. మూడూ మూసినప్పుడు పెడల్ గట్టిగా ఉండి, ఒకటి వదలగానే మెత్తబడితే ఆ చక్రమో ఆ హోసో దొంగ. అయితే నీ హోస్‌ల వయసే తెలియదన్నావు కదా, పరీక్ష ఎట్లా తేలినా మూడూ మార్చేయ్. కొత్త రాగి వాషర్లతో బిగించు, పాతవి మళ్ళీ వాడితే చెమరుస్తుంది.


నంద్యాల_పద్మిని:

డాట్ 5 సిలికాన్ ఆయిల్ వేస్తే నీళ్లు పీల్చుకోదు, పెయింటు తినదు అంటారు కదా. ఈ బండికి అది మంచిది కాదా?


కర్నూలు_స్పానర్:

వద్దు. అది డాట్ 3, డాట్ 4లతో కలవదు. పాత ఆయిల్ ఒక చుక్క మిగిలినా వేరుగానే ఉండిపోతుంది. వేయాలంటే సిస్టమ్ మొత్తం విప్పి, రబ్బర్లన్నీ మార్చి మొదలుపెట్టాలి. పైగా సిలికాన్ గాలిని కొంచెం తనలో పట్టి ఉంచుకుంటుంది కాబట్టి పెడల్ మామూలుగానే రవ్వంత మెత్తగా ఉంటుంది, ఈ థ్రెడ్‌లో ఉన్న జబ్బుకు అదే మందంటే ఎట్లా. డాట్ 5.1 వేరే, అది డాట్ 4 జాతిదే. పేరు చూసి మోసపోకండి.

ఎండలకు భయపడితే డాట్ 4 వేయొచ్చు, డాట్ 3తో కలుస్తుంది. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు, తేమ పీల్చినాక 140. డాట్ 4కు అవే 230, 155. రెండింట్లో ఏదైనా రెండేళ్లకోసారి మార్చాలి, సీలు తీసి నెలలు గడిచిన డబ్బా వాడకూడదు.


కడప_మార్క్4:

అన్నలకు థ్యాంక్స్. పరీక్షలు చేసినాము.

ముందు నిప్పల్స్ రెండు పక్కలా పైనే ఉన్నాయి. హోస్‌లు మూడూ కొత్తవి వేసి, చెక్క పెట్టి మళ్ళీ గాలి తీసినాము. తేడా ఏమంత లేదు.

అడ్జస్టర్లన్నీ బిర్రుగా బిగించి తొక్కితే పెడల్ అంగుళంన్నర దగ్గరే గట్టిగా ఆగింది. ఒక్కో క్లిక్ వదిలి చక్రాలు తిరిగేట్టు చేస్తే మళ్ళీ మెత్తగా అయింది, పంపింగ్‌కు పైకి లేవడం మాత్రం బాగా తగ్గింది.

ఇంకొకటి. బిగించి ఉన్నప్పుడు కాలు అదిమి ఉంచితే నిమిషంలో ఒక అంగుళం మెల్లగా కిందికి పోయింది. ఇది మొదట్లో లేదు. డబ్బాలో ఆయిల్ అంతే ఉంది.


అనంత_డ్రమ్ము:

రెండు వేరు జబ్బులు బయటపడినాయి. మాస్టర్ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మొదటి మూడుసార్లు చెక్క లేకుండా నేలకంటా తొక్కి గాలి తీసింటారు, బకెట్ చీరుకోనింటుంది. పైన చెప్పిన ముచ్చటే. ఆయిల్ తగ్గకుండా పెడల్ జారుతుందంటే బకెట్ పక్క నుంచి డబ్బాలోకే తిరిగి పోతాంది. దానికి కిట్ (లోపలి రబ్బర్ల సెట్టు) వేయాలి. కానీ మెత్తదనానికి కారణం అది కాదు. మాస్టర్ కొత్తది వేసినా ఆ ఫుట్‌బాల్ నీకు మిగిలే ఉండేది.

బిగిస్తే గట్టిగా, ఒక క్లిక్ వదిలితే మెత్తగా. డ్రమ్ములు పట్టించినావు, లైనింగ్ కొత్తది. నా అనుమానం షూ వంపూ డ్రమ్ము వంపూ కలవడం లేదని. లేత్‌లో పడితే డ్రమ్ము వ్యాసం పెరుగుతుంది. లైనింగ్ పాత వ్యాసానికి తగ్గట్టే ఉంటే మధ్యలో మాత్రమే తగులుతుంది. షూకు ఒక చివర పిస్టన్ తోస్తాంటుంది, రెండో చివర ఆనుడు మీద ఉంటుంది. మధ్య తగిలినాక కూడా కాలు అదిమేకొద్దీ షూ విల్లులాగా వంగుతా పోతుంది. ఆ వంగుడే నీకు కాలి కింద గాలి ఉన్నట్టు అనిపిస్తాంది. గాలి తీసి తీసి విసిగిపోయే బండ్లలో ఎక్కువ వాటికి రోగం ఇదే.

సుద్దముక్కతో తేలిపోతుంది. డ్రమ్ము తీసి లైనింగ్ మొత్తం మీద సుద్ద అడ్డంగా దట్టంగా రుద్దు. డ్రమ్ము ఎక్కించి, అడ్జస్టరు చక్రం బరువుగా తిరిగేంతవరకు బిగించి, చేత్తో నాలుగైదు చుట్లు తిప్పు. డ్రమ్ము మళ్ళీ తీసి చూడు. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడ మాత్రమే తగులుతాంది. చివరి నుంచి చివరి దాకా చెరగాలి. మధ్యలో మాత్రమే చెరిగితే షూ వంపు ఎక్కువ. రెండు చివర్లలోనే చెరిగి మధ్య తెల్లగా ఉంటే దానికి విరుద్ధం. ఆ షూ కీచుమంటుంది, ఉన్నట్టుండి పట్టేస్తుంది.

డ్రమ్ము తీసినప్పుడు లోపలి దుమ్ము ఎయిర్ పైపుతో ఊదొద్దు, నోటితో అసలే వద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.


కడప_మార్క్4:

అన్నా, నువ్వు చెప్పినట్టే ఉంది. ముందు షూలు నాలుగింటికీ నడుమ రెండంగుళాల పట్టీ మాత్రమే చెరిగింది, అటూ ఇటూ సుద్ద ముట్టుకోనట్టు తెల్లగా ఉంది. వెనకవి దాదాపు మొత్తం చెరిగినాయి. ఇప్పుడు షూలు ఏం చేయాలి? మాస్టర్ కిట్ నేనే వేసుకోవచ్చా?


కర్నూలు_లేత్:

షూల సంగతి నేను చెప్తా. డ్రమ్ములు, షూలు కలిపి లైనింగ్ షాపుకు తీసుకపో, షూలు మాత్రమే పంపితే పని జరగదు. ముందు డ్రమ్ముల వ్యాసం లోపల నాలుగు దిక్కులా కొలవాలి. నాలుగు కొలతల్లో తేడా వస్తే డ్రమ్ము గుండ్రంగా లేదు, పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. ఎడమ, కుడి డ్రమ్ముల వ్యాసం ఒకటే ఉండాలి, లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. అసలు కొలత కంటే 1.5 మి.మీ. మించి పెరిగిన డ్రమ్మును నేనైతే వాడమని చెప్పను. గోడ పలచబడి వేడికి పగులుతుంది.

వ్యాసం పరిమితిలో ఉంటే షూను డ్రమ్ము వ్యాసం కన్నా అర మిల్లీమీటరు తక్కువ వ్యాసానికి గ్రైండ్ చేయమని అడుగు. అంటే డ్రమ్ములో షూ ఆనించినప్పుడు మధ్య తగిలి రెండు కొసల్లో కాయితం దూరేంత సందు ఉండాలి. కొద్దిరోజుల్లో అరిగి మొత్తం కూర్చుంటుంది. గ్రైండ్ చేస్తే మధ్యలో లైనింగ్ మరీ పలచనై రివెట్ తలలు పైకి వచ్చేట్టుంటే దళసరి లైనింగ్ కొట్టించుకో. లైనింగ్ కొసలు ఏటవాలుగా రాయించు. రివెట్ వేసేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు పోవాలి. చివర్ల నుంచి వేస్తే లైనింగ్ నడుమ లేచి నిలబడుతుంది, ఎంత గ్రైండ్ చేసినా ఆ షూ మెత్తగానే ఉంటుంది.


కర్నూలు_స్పానర్:

మాస్టర్ నువ్వే చేసుకోవచ్చు, శుభ్రత ఒక్కటే ముఖ్యం.

విప్పినాక బోరులో గోరు పెట్టి గీరు. గోరు ఎక్కడా తట్టుకోకుంటే సన్నని హోన్ (బోరు లోపల నునుపుగా రాసే పనిముట్టు) నాలుగు తిప్పులు చాలు. బకెట్ నడిచే చోట గుంతలుంటే కిట్ దండగ, స్లీవ్ (బోరు లోపలికి కొత్త గొట్టం) వేయించాలి లేదా కొత్తది కొనాలి. ఎమరీతో రుద్ది గుంతలు పోగొడదామని చూడొద్దు, బోరు పెద్దదై బకెట్ నిలవదు.

పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్, గ్రీసు ఏదీ తగలకూడదు. మన దగ్గర వర్క్‌షాపుల్లో కిట్ రబ్బర్లు పెట్రోలులో కడిగే అలవాటు ఒకటుంది, నెల తిరక్కుండానే అవి ఉబ్బి ఇరుక్కుంటాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తో మాత్రమే కడుగు. బకెట్ పెదవి ఒత్తిడి వచ్చే పక్కకు, అంటే పెడల్‌కు ఎదురు దిక్కుకు ఉండాలి. స్క్రూడ్రైవర్ ముట్టకుండా వేళ్లతోనే ఎక్కించు. బోరు చివర చెక్ వాల్వ్ ఉంటుంది. డ్రమ్ము బ్రేకులకు అది లైన్లో కొంచెం ఒత్తిడి నిలిపి, వీల్ సిలిండర్ బకెట్ల అంచులు గోడకు అతుక్కోని ఉండేట్టు చూస్తుంది. "ఈ ముక్క ఎందుకులే" అని తీసి పక్కన పెడితే పెడల్ వదిలిన ప్రతిసారీ గాలి లోపలికి దూరే అవకాశం ఉంటుంది.

డబ్బాలోంచి బోరులోకి వచ్చే రంధ్రాల్లో చిన్నది సూది మొనంత ఉంటుంది. సన్నని రాగి తీగ పోగుతో శుభ్రం చేయి, డ్రిల్ బిట్ పెట్టొద్దు. బిగించినాక పుష్‌రాడ్‌కూ (పెడల్ నుంచి వచ్చి తోసే కడ్డీ) పిస్టన్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు దాకా ఖాళీ ఉండాలి. పైన పెడల్‌ను వేలితో కదిపితే ఆ కొద్ది ఆట తెలుస్తుంది. ఆ ఆట లేకుంటే చిన్న రంధ్రం మూసుకపోయి, వేడెక్కిన ఆయిల్ తిరిగి రాలేక బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. సరిగా ఉందో లేదో చూడ్డానికి మూత తీసి పెడల్ మెల్లగా తొక్కు, మొదటి కదలికకే డబ్బాలో చిన్న ఊట పైకి చిమ్మాలి. మొహం మాత్రం దూరంగా పెట్టుకో.

బండికి ఎక్కించకముందే మాస్టర్‌ను వైస్‌లో పెట్టి ఆయిల్ నింపి గాలి తీసేయి. పెయింటు మీద ఆయిల్ పడితే తుడవొద్దు, వెంటనే నీళ్లు పోసెయ్.


కడప_మార్క్4:

షూలు గ్రైండ్ చేయించినాము. డ్రమ్ములు రెండూ ఒకటే కొలత, పరిమితి లోపలే ఉన్నాయి. మాస్టర్ బకెట్ అంచున చిన్న చీలిక కనపడింది, బోరు నున్నగానే ఉంది, కిట్ వేసినాను. ఇప్పుడు మొదటి తొక్కుడుకే పెడల్ పైన మూడో వంతులో ఆగుతుంది. రెండు నిమిషాలు అదిమినా కదల్లేదు. ఫుట్‌బాల్ పూర్తిగా పోలేదు గానీ శానా తగ్గింది. ఘాట్ మీదికి పోవచ్చా?


అనంత_డ్రమ్ము:

ఇప్పుడే వద్దు. ఆ మిగిలిన మెత్తదనం షూల కొసలు ఇంకా కూర్చోనందుకు. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 20కి మెల్లగా తగ్గించు, ఒక కిలోమీటరు చల్లారనియ్, మళ్ళీ చెయ్, ఇట్లా ఇరవై సార్లు. 300 కిలోమీటర్లు తిరిగినాక అడ్జస్టర్లు మళ్ళీ బిగించి ఒక్కో క్లిక్ వదులు, సుద్ద పరీక్ష ఇంకోసారి చెయ్. రెండు కొసలదాకా చెరిగితే పోవచ్చు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగు, పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. దిగుతుండగా పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగనంటే లైనింగ్ వేడెక్కింది. పెడల్ ఉన్నట్టుండి మెత్తబడి లోపలికి పోతే ఆయిల్‌లోని తేమ ఆవిరైంది. ఏదైనా వెంటనే గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతా పక్కకు ఆపు. డ్రమ్ముల మీద నీళ్లు పోయొద్దు, పగులుతాయి. అరగంట ఊరికే నిలబెట్టు. చల్లారినాక పెడల్ మామూలుగా అయిందని అట్లే వాడొద్దు, ఊరు చేరినాక ఆయిల్ మొత్తం మార్చు.